ఆనాటి రేటు

గుణుపురం వరకే రైలు.
ఆ పైన కొండలు, జీపులు.
స్టేషను రోడ్డులో ఎరువుల కొట్టు మేడ మీద
ఎలియాజరు రైతా అద్దెకి తీసుకున్న ఒంటి గది:
రెండు కంప్యూటర్లు, మూడు హెడ్‌ఫోన్లు,
యూరియా వాసన.

పుట్టాసింగి పైనుండే సొంబారి ముసలమ్మ
సవరలో చెప్పిందంతా విని, రాసి,
మాటమాటకీ అర్థం కట్టి
జర్మనీలో ఒక విశ్వవిద్యాలయానికి పంపడం వాళ్ల పని.
లెక్క రాయడం నాది.
నాకు సవర రాదు.

ఫిబ్రవరిలో నాలుగు వేల యూరోలు ముందే వచ్చాయి,
ఎనభై గంటల పనికి.
ఆ రోజు రేటు ఎనభై ఒక్క రూపాయి ముప్పై పైసలు.
మూడు లక్షల ఇరవై అయిదు వేల రెండు వందలు
అప్పుల వైపు రాశాను.
"డబ్బొస్తే అప్పంటావేటి బావూ?"
"చెయ్యని పని నీ జేబులో ఉంది మరి."

వానలకి వంశధార ఎర్రగా లేచింది.
యూరో కూడా లేచింది: ఎనభై నాలుగు, ఎనభై ఏడు.
టైపు చేసే కుర్రాడు ఫోను చూపించాడు,
"ఆదాయం పెంచి రాసుకోవచ్చు కదండీ!"

కాదురా.
ఆ యూరోలు వచ్చిన రోజే రూపాయలయ్యాయి,
నీ జీతమై, జీపు డీజిలై పోయాయి.
మనం బాకీ పడ్డది యూరోలు కాదు, గంటలు.
గంటకి మారకం రేటు లేదు.
ఇవాళ చేసినా, కార్తీకంలో చేసినా
ఆదాయం ఆనాటి రేటుకే,
వాళ్లు నమ్మి చేతిలో పెట్టిన రోజుకే.

ఈ సూత్రం నాకు ఇష్టం.
మా తాతది చింతపండు వర్తకం, ఈ కొండల మీదే.
బజానా ఇచ్చిన నాటి ధరే రాల్పు నాటి ధర,
మాట తప్పేవాడు కాదు.
కుంచాలు మాత్రం రెండుండేవి ఆయనకి.

అరవై గంటలు పూర్తయ్యాక సొంబారి పోయింది.
విత్తనాల పేర్లు మిగిలాయి,
కొర్రలు కోశాక చెబుతానంది.
జర్మనీ నుంచి మెయిలు వచ్చింది,
చాలా బాధపడ్డారు,
మిగిలింది తిరిగి పంపమన్నారు, తొందర లేదన్నారు.

ఆ మెయిలు చదవగానే నా పుస్తకంలో బాకీ జాతి మారింది.
చెయ్యలేని పని ఇక పని కాదు,
వట్టి డబ్బు.
డబ్బుకి ఆనాటి రేటు లేదు, ఈనాటిదే.
ఈనాడు ఎనభై తొమ్మిది.
పుస్తకంలో ఎనభై ఒక్క వేల మూడు వందలు,
బ్యాంకులో కట్టవలసింది ఎనభై తొమ్మిది వేలు.
తేడా ఏడు వేల ఏడు వందలు,
మారకపు నష్టం అని రాశాను.
బ్యాంకు ఫారంలో "కారణం" అని ఒక గడి.
"సేవ రద్దు" అని నింపాడు గుమాస్తా,
మనిషి పోయిందని చెప్పినా.

సాయంత్రం ఎలియాజరు ఆఖరి ఫైలు పెట్టాడు.
ముసలమ్మ దగ్గు. పొగాకు అడగడం.
నవ్వు.
తర్వాత ఏదో కొలుస్తున్నట్టు నెమ్మదిగా రెండు మాటలు.
ఎలియాజరు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాడు.
"షావుకారు మన దగ్గర కొనే కుంచం ఒకటి,
మనకి అమ్మే కుంచం ఇంకొకటి.
రెండింటికీ రెండు పేర్లు చెప్పింది బావూ.
తెలుగులో ఏమని రాయాలి?"
నా వైపు చూడకుండానే అడిగాడు.

రెండు చోట్లా కుంచం అనే రాయమన్నాను.
తల అడ్డంగా ఊపాడు.

కింద ఎరువుల కొట్టు షట్టరు దించేశారు.
ఆ గడి అతనింకా నింపలేదు.
ఆ గంట మాత్రం నా పుస్తకంలో ఎప్పుడో ఆదాయమైపోయింది,
ఎనభై ఒకటీ ముప్పైకి.