ముప్పైరెండో నోరు

వేల్స్ కొండల్లో మా పలకరాతి ఊరికి
బస్సు దిగారు ముప్పైరెండు మంది పిల్లలు.
చర్చి మెట్ల మీద చీటీ చదివి పంచారు.
మాకు ఇద్దరు, ఎస్తోనియా వాళ్లు,
తావి, ఉకు.

తావి తిన్నాడు, నవ్వాడు,
కుక్కక్కూడా తన భాష నేర్పబోయాడు.
ఉకు మాత్రం దేనికైనా తలే ఊపాడు.
మొన్న చలికాలం దాకా
అందరికన్నా పై స్వరం వాడిదేనట,
ఇప్పుడు నోరు తెరిస్తే తుప్పుపట్టిన గేటేనట.
వాడు స్నానానికెళ్లినప్పుడు
తావి గుసగుసగా చెప్పాడు నాకు.

కచేరీలో మా ఆయన ముందు వరసలో కూర్చున్నాడు.
ఎడమ చెవి క్వారీకే ఇచ్చేశాడు ఇద్వల్,
కుడి చెవిలో మెషిన్.
ఆ మోతలో నలభై ఏళ్లు
పెదాలు చదివి బతికిన మనిషి.
ముప్పైరెండు నోళ్లలో
ఒకటి ఉత్తినే తెరుచుకుంటోందని
హాలు మొత్తంలో ఆయనొక్కడే కనిపెట్టాడు.
చప్పట్లు అందరికన్నా ఆలస్యంగా కొట్టాడు.

రాత్రి, సూప్ చల్లారుతుంటే,
మెషిన్ తీసి
ఉకు గిన్నె పక్కన పెట్టాడు.
పెరటి తలుపు తీసి
రమ్మన్నట్టు గడ్డం ఎగరేశాడు.

నేను గిన్నెలు కడుగుతున్నాను.
గోడ అవతల ఏదో లేచింది,
విరిగింది,
తిట్టులాంటిదొకటి, మళ్లీ మొదలు.
వాన తడిసిన పలకల మీద
కొత్త చెప్పుల్లా జారుతోంది గొంతు.
కుక్క ఒక్కసారి మొరిగి ఊరుకుంది.

గిన్నెలు ఎప్పుడో అయిపోయాయి.
కుళాయి కట్టలేదు నేను.