ఒక నూలు వదులు

నడుములో సూదేసి
కాళ్ళని నా దగ్గర్నించి తీసేసుకున్నారు.
చెవులు మాత్రం నాకే వదిలేశారు.
పొగతోటలో, రెండో అంతస్తులో,
పచ్చగుడ్డ తెరకి ఇవతల పడుకోనుండా.
తెరకవతల ఎవరో పని మొదలుపెట్టారు.

రంపం చిన్నది. పళ్ళు సన్నం.
తొందరపడే చెయ్యి కాదు.
నలభై రెండేళ్ళు విన్న చప్పుడే,
కొయ్య బదులు నేను.

అరిగింది లోపలి వైపేనంట.
ఎడమ మోకాలు, లోపలి గది.
గొంతుక్కూర్చుని గడపలు బిగించిన బరువంతా దాని మీదే.
బయటి గది ఇంకా చిత్రిక పట్టిన కొత్త పీటలా ఉందని
డాక్టర్ మస్తాన్‌బీ నిన్న ఫిల్ము లైటుకి పట్టి చూపించింది.
"చెడింది సగమే ఆచారీ, సగమే మారుస్తా.
బాగున్న చెక్కని ఎందుకు పీకాల?"
చెక్క అనింది. ఎముక అనలేదు.
అప్పుడే సరేనన్నా.

సుత్తి. మూడు దెబ్బలు, ఒక ఆగుడు.
ఆ ఆగుడు నాకు తెలుసు,
తల వంచి, ఒంటికన్ను మూసి, అంచు వెంబడి చూసే ఆగుడు.
రేకు అంచు దాటి బయటికొస్తే కండని ఒరుసుకుంటది.
చిన్నదైపోతే మెత్తటి ఎముకలోకి దిగబడతది.
వెనక్కి కాస్త వాలు కావాల,
చూరుకి ఉన్నట్టు.
వాలు ఎక్కువైతే ఎక్కిన బరువు ఎక్కినట్టే జారతది.

"నాలుగివ్వు" అనింది.
నా కాలు మడిచారంట, చాపారంట.
తెర మీద నీడ కదిలింది, అంతే నాకు తెలిసింది.
"బిగువుగా ఉంది. మూడివ్వు."
"నాలుగైతే కాలు తిన్నగా వస్తది గదా మేడమ్?"
"వస్తది. బరువంతా అవతలి గదికి పోతది.
పదేళ్ళకి అదీ అరిగి కూర్చుంటది. మూడు."

అల్లూరులో, రొయ్యల చెరువుల పట్టాభి ఇల్లు.
నేల దిగి ద్వారబంధం దక్షిణానికి ఒరిగుండాది.
తూకుగుండు వేలాడదీసి, పట్టుబట్టి,
రెక్కని నిట్టనిలువుగా నిలబెట్టా.
మెచ్చుకున్నారు. నూటపదహార్లు, కండువా.
ఆషాఢంలో చెక్క ఉబ్బింది.
పై బందు మరలతో సహా ఊడొచ్చింది,
బాగున్న నిలువు కమ్మిని చీల్చుకుని.
వానని తిట్టారు, టేకుని తిట్టారు, అడితి వాణ్ణి తిట్టారు.
ఆ చీలిక నాది. పద్దెనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలా.
ఇల్లు ఎటు ఒరిగిందో రెక్కా అటే కొంచెం ఒరగాల,
గుండు ఏం చెప్పినా సరే.

సందులోకి సన్నటి రేకేదో దూర్చి లాగిన చప్పుడు.
నేనైతే పోస్టుకార్డు దూరుస్తా.
మడిచినా అంతే సందు ఉండాల, చాపినా అంతే.
"ఒక నూలు వదులు ఉండనీయమ్మా"
పైకే అనేశా.
"పెద్దాయన కలవరిస్తుండాడు" అని మత్తు డాక్టరు నవ్వాడు.
మస్తాన్‌బీ నవ్వలేదు.
"ఉంచాలే ఆచారీ."

ఆరు వారాలు.
ఎడమది ఇంకా కొంచెం దొడ్డికాలే.
"అంత డబ్బు పోసుకుని వంకర వంకరగానే ఉంచిందే!"
పెంచలయ్యకి ఒకటే బాధ.
నాతో ఇరవయ్యేళ్ళు తలుపులెత్తినోడు, వాడికీ తెలీలేదు.
జవాబు చెప్పలా. మెట్లు దిగుతుండా.
మెట్టు మెట్టుకీ చెవి మోకాలి దగ్గరే.
చప్పుడు లేదు.

డాక్టరమ్మ గది తలుపు మాత్రం
నేను మొదటిసారొచ్చిన రోజు నించీ నేలని గీరతానే ఉంది.
గచ్చు మీద తెల్లటి వంపు గీత.
ఎంతమంది కుంటుకుంటా దాన్ని దాటారో.
"గొంతుక్కూర్చోకూడదు" అని ఆమె వేలు చూపించింది.
కూర్చోలేదు. గోడకానుకుని నిలబడ్డా.
కింది బందు పెంచలయ్య విప్పాడు.
నా ఎక్స్‌రే కవరు అట్ట చించి చేతికిస్తే
రెండు మడతలు వేశాడు.

"ఒకటే పెట్టరా" అన్నా.