బ్రోమైడ్ వీధి

బ్రోకెన్ హిల్‌లో నడివీధులకు మనుషుల పేర్లు లేవు.
ఆర్జెంట్, సల్ఫైడ్, క్లోరైడ్, అయొడైడ్:
ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకాన్ని
ఎర్రమట్టి మీద బోర్లించినట్టు.
నేనుండేది బ్రోమైడ్ వీధిలో.
పని ఆస్పత్రిలో, ఎక్స్‌రే గదిలో.
"ఊపిరి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి."
రోజుకు ముప్పైసార్లు ఇదే మాట.

ఎదురింటి డెనిస్ ట్రెలోర్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు.
బట్టలుతికే గది కిటికీకి తారు కాగితం అంటించి
చీకటిగది చేసుకున్నాడు.
శనివారం ఫిల్ము కొనుక్కొచ్చి
రసీదు నా చేతిలో పెట్టాడు,
ధర పెంచింది నేనే అన్నట్టు.
పోయినేడు పద్దెనిమిది డాలర్లు, ఇప్పుడు ఇరవై తొమ్మిది,
ముప్పై ఆరు బొమ్మలకి.
"వెండి పెరిగిందట. వెండి!
మా తాత తవ్వాడు, మా నాన్న తవ్వాడు,
పదిహేనేళ్లు నేనూ తవ్వాను.
ఇప్పుడు చిటికెడు కావాలంటే
పింఛను డబ్బు ముందేసుకుని లెక్కపెట్టుకోవాలి."

ఆ రాత్రి అక్క ఫోన్లో అదే గోల:
"తులం ఎంతో విన్నావా?
చంటిదానికి పట్టీలు సన్నవే తీసుకున్నాం.
మువ్వలు వద్దన్నాం."

ట్రెలోర్ ఇప్పుడు పొదుపుగా చూస్తాడు.
నీళ్లట్యాంకు మీద గలా చిలకలు వాలితే
కెమెరా కంటికెత్తి, దించి, మళ్లీ ఎత్తి,
వేలు మీటదాకా వెళ్లి ఆగిపోతుంది.
"ఒక్కో చూపు ఎనభై సెంట్లు" అంటాడు.
ఈ నెల తనని ఒక్కసారీ తీయలేదని
వాళ్లావిడ అలిగింది.

చీకటిగదిలో నాకొక సంగతి చెప్పాడు:
వెండి తెల్లనిదన్నది నగలవాళ్ల మాట.
వెలుతురు తగిలిన వెండి
ఫిల్ములో నల్లబడి నిలిచిపోతుంది.
ఏమీ చూడని వెండి
ఫిక్సర్ నీళ్లలో కరిగి జారిపోతుంది.
ఆ నీళ్లు పారబోయడు.
పెయింటు డబ్బాలో పోసి, స్టీలు పీచు వేసి
అడుగున బురదని పేరుస్తాడు.
మూడేళ్ల బురద.
"ఉంగరానిక్కూడా చాలదు" అని మూత పెడతాడు.

ఇంతలో ఆస్పత్రికి అడిలైడ్ నుంచి కబురు.
గడువు దాటిన పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ
కిలోల లెక్కన కొంటాడట ఒకాయన.
ధర ఇప్పుడే బాగుంది, ఆలస్యం చేయొద్దన్నాడు.
జాబితా రాయడం నా వంతు.

నేలమాళిగలో మూడు రోజులు.
కవరు తీస్తే ఛాతీ, కవరు తీస్తే ఛాతీ.
పక్కటెముకల వెనక
చెదిరిన బియ్యపు నూకల్లా తెల్లటి చుక్కలు,
గని దుమ్ము.
వెండికోసం దిగినవాళ్లని వెండితోనే రాసిపెట్టారు.
వరుసకట్టి బల్లదీపం మీద పరుస్తుంటే
అప్పుడు తట్టింది:
గాలి ఆడినచోట నల్లగా వెండి ఉంది.
దుమ్ము దిగినచోట
ఏమీ లేదు. ఉత్త ప్లాస్టిక్కు.

నాలుగో రోజు పొద్దున్న
పందొమ్మిది వందల అరవై ఒకటి కట్టలో
ట్రెలోర్, ఎ. జె. వయసు నలభై నాలుగు.

నేను చెప్పకూడదు.
"మీవాళ్ల పాత ఫిల్ములు కావాలంటే
ఫారం ఒకటుంది, శుక్రవారం లోపల" అని మాత్రం
పాలడబ్బా తిరిగివ్వడానికి వెళ్లి అన్నాను.
నా మొహం కాసేపు చూశాడు.
కళ్లద్దాలు వెతుక్కున్నాడు.

లారీ సోమవారం వచ్చింది.
తూకంలో ఒక కవరు తక్కువ.

వంటింటి కిటికీ అద్దానికి
రెండు టేపు ముక్కలతో నాన్నని అంటించాడు.
ఎముకల సందుల్లోంచి నీళ్లట్యాంకు కనపడుతోంది,
దాని మీద చిలకలు, వంకరగా, నాలుగైదు.
రీలులో ఆఖరి బొమ్మ.
ఎనభై సెంట్లని అనలేదు.
షట్టరు నిదానంగా పెట్టాడు, చేతులు వణుకుతాయి కదా,
మోచేతులు కుర్చీవీపుకి ఆనించి
నేను చెప్పకుండానే ఊపిరి బిగబట్టాడు.

టిక్కుమంది.
ఇక వదలొచ్చని చెప్పాల్సింది నేనే.
గుర్తురాలేదు.