పది కిలోల లోపు

ఆదివారం చీమకుర్తిలో క్వారీలకు సెలవు,
నా కాటాకు లేదు.
రాత్రి నింపిన బండ్లు తెల్లారేసరికి వరసగా నిలబడతాయి,
గొలుసులు బిగించిన నల్లరాళ్ళు,
ఒక్కోదాని నుదుటి మీద ఎర్ర రంగుతో నంబరు.

కిటికీకి ఫోను ఆనించి
ముగ్గురం ఇద్దర్ని చూస్తున్నాం.
ఎర్ర నిక్కరు నూట పద్దెనిమిది కిలోలు,
నల్ల నిక్కరు నూట ఇరవై మూడు.
పేర్లు నోరు తిరగవు, బరువులే గుర్తుంటాయి నాకు.

ఆరో రౌండు.
కొట్టాడు, వాటేసుకున్నాడు.
కొట్టాడు, వాటేసుకున్నాడు.
మాల్యాద్రి టీ గ్లాసు ఠక్కున పెట్టాడు.
"ఏందబ్బా ఇది, కొట్లాటా, వియ్యంకుల పలకరింపా?
మెడ పట్టి కిందికి గుంజుతున్నాడు చూడు,
ఆ చొక్కా ఆయన యాడ చూస్తున్నాడు?"

ఖాజావలి పంక్చర్ షాపు మీద పట్టా కప్పేసి వచ్చాడు,
వేళ్ళకింకా ట్యూబుల నలుపు.
"అదీ దెబ్బే మాల్యాద్రీ.
మొహానికి గాదు, మోకాళ్ళకి.
శనగ బస్తా ఒకటి మూడు నిమిషాలు నీ మెడ మీద వాలితే
ఆనక నీ చెయ్యి నీ మాట ఇనదు."

"పట్టుకోగూడదని రూలుందా లేదా?"
"ఉంది. ఎన్నిసార్లని లేదు."

నేను మాట్లాడలేదు.
ఇరవై తొమ్మిది టన్నుల చీటీ మీద
ముప్పై మూడు ఎక్కి పోవడం రోజూ చూస్తాను.
తప్పు ఏ టన్ను దగ్గర మొదలవుతుందో
నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

నల్ల నిక్కరు మోచెయ్యి ఆడించాడు.
తల వెనక ఒకటి తగిలింది.
"అది నేనూ ఒప్పుకోను," అన్నాడు ఖాజావలి.
"పట్టు వేరు, అది వేరు."
"దొంగతనంలో చిన్నా పెద్దా ఏంది?"
"ఉంది. ఆకలిగొన్నోడి దొంగతనం ఉంది."

అప్పుడు చెప్పాడు, ఇరవై రెండేళ్ళుగా చెప్పనిది.
ఒంగోలు, జిల్లా ఫైనలు, ఎనభై ఒక్క కిలో.
ఎదురుగా కందుకూరు కుర్రాడు.
మూడో రౌండుకి ఎడమ కన్ను మూసుకుపోయింది.
"పట్టుకున్నా. ఇంకేం పట్టుకోవాలో తెలీక
వాణ్ణే పట్టుకున్నా.
వాడి గుండె నా రొమ్ములో కొట్టుకుంటా ఉంది.
ఒదిలితే పడతా. ఒదల్లా.
పాయింటు కోసేశారు."
"ఓడిపోయావు గదా."
"పడిపోలేదు గదా."

మాల్యాద్రి కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు.
మూడు వేళ్ళు.
"ఒక్కసారికేం గాదులే అన్నాడు మేస్త్రీ,
తెగిన పోగుల స్లింగు చూపిస్తే.
రూలు నీకు లెక్క లేదబ్బా,
నాకు లెక్క వచ్చింది, రెండు."

ఇక్కడ ఊరుకుంటే బాగుండేది.
"పిరికోడా" అన్న మాట ఎవరు ముందన్నారో
నేను సాక్ష్యం చెప్పలేను.
కుర్చీ పడింది.
బయటికి పోయారు, నేరుగా ఖాళీ కాటా మీదికి.
మాల్యాద్రి చెయ్యి విసిరాడు,
ఆ మూడు వేళ్ళ పిడికిలి.
అది తగిలేలోపే ఖాజావలి లోపలికి దూరి
రెండు చేతులా వాటేసుకున్నాడు.
గడ్డం భుజంలో దాచుకుని,
పాత అలవాటు.

నా ముందు డబ్బాలో ఎర్ర అంకెలు కదిలాయి.
నూట అరవై. నూట డెబ్భై. నూట అరవై.
పది కిలోల లోపు దానికి లెక్క లేదు,
ఎవరు వాలారో, ఎవరు మోశారో,
ఎవరి గుండె ఎటు కొట్టుకుందో దానికి పట్టదు.
ఇద్దరికీ కలిపి ఒకే అంకె.

వెనక బండివాడు హారను కొట్టాడు.
"విడిపోండి" అనాల్సింది నేనే,
గదిలో ఇంకెవరూ లేరు.
కానీ అంకె నిలవకుండా చీటీ కొట్టకూడదు,
అది నా రూలు.
నిలవడానికి చాలాసేపు పట్టింది.

ఫోనులో గంట మోగింది.
ఎన్నో రౌండో చూసుకోలేదు.