కాచని డప్పు

గుంటూరు కలెక్టరాఫీసు మూడో కిటికీలో
గుమాస్తా అడుగుతున్నాడు:
"జైలుకెళ్లావా? ఎన్ని రోజులు? కాగితముందా?"

లేదు బాబూ.
నేను చేసిందల్లా డప్పు కాచకపోవడం.

ఆ యేడు శిస్తు కట్టేది లేదని ఊరంతా మొండికేసింది.
మునసబు రాజీనామా రాసిచ్చాడు,
కరణం దస్త్రం మూటగట్టి చావడి అరుగు మీద పడేశాడు.
వెట్టివాణ్ణి, నా రాజీనామా ఎవరు రాస్తారు?
డప్పు మాత్రం నాది. తోలు ఊనింది నేనే.

మాఘమాసం. నల్లరేగడి మీద మంచు.
తాసీల్దారు, ఆమీను, తుపాకులతో ఎనిమిది మంది.
పేరమ్మ గేదెను గుంజ విప్పి చావడి ముందుకు తోలారు.
"కొట్టరా ఏసోబూ, వేలం చాటరా!"

మామూలుగా అయితే గడ్డిమంట మీద తిప్పుతా,
తోలు బిగిసి, వేలు తగిలితే ఖణేల్‌మంటది.
ఆవేళ మంట వెయ్యలా.
మంచు తాగిన తోలు
తడిగోనె మీద కర్ర పడ్డట్టు దబ్... దబ్...
పక్కవీధి దాకా కూడా పోలా.
తాసీల్దారుకేం తెలుసు డప్పు సంగతి?
ఊరికి తెలుసు.
మోతుబరి రత్తయ్య చుట్టపొగ వెనక నవ్వుకున్నాడు.

నలభై. ఇరవై. పది.
చివరికి రూపాయిన్నర.
పాడేవాడు లేడు.
బావి దగ్గర చేదలు మాయం,
పొయ్యికి నిప్పడిగితే ఏ ఇంటా లేదు.
పాలవేళ దాటి గేదె పొదుగు రాయైంది.
బంట్రోతు చెంబు పట్టుకు కూచుంటే
అది తన్నిన తన్నుకు చెంబు సొట్టపోయింది.
ఆరోజు జరిగిన హింస అదొక్కటే, రాసుకోండి.

గుంటూరు దాకా తోలుకొచ్చారు. ఇక్కడా ఎవరూ పాడలా.
నాలుగో రాత్రి వాళ్లే వదిలేశారో, అదే తెంపుకుందో,
తెల్లారేసరికి పేరమ్మ దొడ్లో అరుస్తా ఉంది.

తర్వాత పైనుంచి కబురొచ్చింది, ఇక ఆపమని.
శిస్తు కట్టారు. చావడి తలుపు తీశారు.
అంతా పాత దారినే పడిందనుకుంటారు మీరు.

కట్టే ముందు ఊరు కూడింది.
ఎప్పట్లాగే నేను వెలుగుకు అవతల నిలబడ్డా,
చెప్పులు చంకన పెట్టుకుని.
రత్తయ్య లాంతరు కాస్త ఇటు జరిపాడు.
"ఏసోబూ, నువ్వేమంటావు?"

ఇరవై రెండేళ్ల వయసులో
నన్నడిగిన మొదటి ప్రశ్న అది.
అప్పటిదాకా నాకందిన మాటలన్నీ "రా" తోనే ముగిసేవి.
ఏం చెప్పానో గుర్తులేదు.
గొంతు కాచని డప్పులాగే పలికింది.
చెప్పులు మాత్రం కింద పెట్టా, అది గుర్తుంది.

దానికి మీ కాగితంలో గడి లేదా?
పోనీ, ఆ పెన్సిలు ఇటివ్వండి.
నేనే గీస్తా.