తడికవతల

సంఘపెద్దల్లో ఒక ఖాళీ ఉందని,
నా పేరు అనుకుంటున్నారని
గంట కొట్టే ప్రసంగయ్య చెవిలో వేశాడు.
అప్పట్నుంచి తెల్లచొక్కాకి
నీలిమందు నేనే కలుపుకుంటున్నా.
అద్దం ముందు ప్రార్థన కూడా చేసి చూశా,
గొంతు ఎక్కడ లేపాలో
ఎక్కడ వణికించాలో.

గురువారం,
కొండపిలో పొగాకు బ్యారన్ దగ్గర రెండు రాత్రుల కాపలా దిగొచ్చి
తడికవతల నీళ్ళు పోసుకుంటున్నా.
వేళ్ళకంటిన ఆకు జిగురు
నిమ్మచెక్కతో రుద్దినా వదలట్లేదు.
వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు.
పరంజ్యోతి అయ్యగారు.

నాకోసం కాదట.
"ఆయన లేకుంటేనే మంచిదమ్మా,
నిన్నే ఒక మాట అడగాలి.
ఇంట్లో ఎట్టాంటోడు?"

చెంబు చేతిలోనే ఆగింది.
సబ్బునురుగు కళ్ళలోకి దిగుతోంది.

ఏస్తేరమ్మ వెంటనే చెప్పలేదు.
చేటలో కందిపప్పు కదిలిన చప్పుడు.
ఇరవై రెండేళ్ళ కాపురాన్ని పోసి
చెరుగుతున్నట్టే ఉంది.

"మొదట్లో ఈయన దగ్గు వినపడితే
పెద్దోడు పుస్తకం తెరిచేవోడు అయ్యగారూ.
చదవడానికి కాదు,
మొహం దాచుకోడానికి."

అబద్ధం అని అరుద్దామనుకున్నా.
ఒంటిమీద తువ్వాలు కూడా లేదు.
పైగా అబద్ధం కాదు.

"హోషేయ పది తప్పినరోజు బెల్టు తీశాడు.
వాడు చీమకుర్తి క్వారీలకు పోయాడు.
పదకొండు నెలలు
నాలుగు కంచాలు పెట్టి
ఒకటి తీసేసుకున్నా, రోజూ."

బ్యారన్‌లో మొదటిరోజు వేడి ఎంత మెల్లగా ఎక్కించాలో
నిద్రలో లేపినా చెబుతాను.
తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోద్ది,
తర్వాత ఎన్ని కట్టెలు పెట్టినా పండదు.
ఆకు దగ్గర ఉన్న ఓపిక
కొడుకు దగ్గర లేకపోయింది.

"ఒకనాడు ఇట్టాగే కాపలా దిగి
నిద్రపోకుండా బస్సెక్కాడు.
రాళ్ళ దుమ్ములో, పదిమంది కూలీల ముందు
తప్పు నాదిరా అన్నాడంట.
వాడు రాలేదు.
మళ్ళీ వారం పోయాడు. రాలేదు.
ఏడోసారికి
వాడే డబ్బులిచ్చి టీ తాగించాడంట.
ఇంటికొచ్చి ఆ టీ సంగతే
మూడు రోజులు చెప్పాడు."

అయ్యగారు చిన్నదాన్ని పిలిచారు.
"నవోమీ, మీ నాన్న ప్రార్థన చేస్తాడా?"
"ఆ. పొట్టిగా.
చారు చల్లారేలోపు అయిపోద్ది."
"ఇంకా?"
"అమ్మకు జ్వరమొస్తే నాకు జడేశాడు.
వంకరగా వచ్చింది.
అట్టాగే బడికి పోయా."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
చెంబులో నీళ్ళు చల్లబడ్డాయి.

"సమాధుల గోడ తగాదాలో
పదకొండు కుటుంబాలు మననొదిలి పోయాయి కదమ్మా.
పిలవడానికి పోయినోళ్ళు
ఒక్కసారి పోయి, మాట పడి,
దులుపుకుని వచ్చేస్తున్నారు.
ప్రసంగం చెప్పేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు.
ఏడోసారి దాకా పోయేవాడు కావాలి."

చేట చప్పుడు ఆగింది.

"పోతాడు.
కాకపోతే ఆకలికి ఆగలేడు అయ్యగారూ,
కోపమొస్తది.
అన్నం తిని పొమ్మనండి."

నేను బయటికొచ్చేసరికి సైకిల్ వెళ్ళిపోయింది.
కళ్ళెందుకు ఎర్రగున్నాయని అడిగింది.
సబ్బన్నాను.
ఆమె నమ్మినట్టే
కంచం పెట్టింది.

నీలిమందు ఎక్కువై
ఆ చొక్కా ఆకాశం రంగుకి తిరిగింది.
ఆదివారం మధ్యాహ్నం అదే తొడుక్కుని,
అన్నం తిని,
ఆశీర్వాదం వాళ్ళ ఇంటికి పోయాను.
లోపల ఫ్యాను తిరుగుతోంది.
చెప్పులున్నాయి.
తలుపు తీయలేదు.

ఒకటి.