నూట పదిహేడు

చైత్రంలో మెట్ట కాలింది.
మూడు రాత్రులు మందస నుంచి చూసినవాళ్లకి
కొండ మెడకి ఎవరో కంటె తొడిగినట్టు కనిపించిందట.
ఇప్పపువ్వు ఏరుకోడానికి ఆకు తగలెట్టారని కొందరు,
చీపురుగడ్డి ఏపుగా రావాలని తగలెట్టారని కొందరు.
నిప్పు మాత్రం ఎవరి పేరూ చెప్పకుండా
వాగు దాకా దిగి వచ్చి పడుకుంది.

నాలుగో వారం నన్ను పంపారు,
ఒక రిజిస్టరు, ఒక టేపు, ఒక ఎర్రరంగు డబ్బా ఇచ్చి.
బతికినదానికి అంకె.
చచ్చినదానికి అంకె చుట్టూ సున్నా.
సున్నా చుట్టినవి వేలానికి.

నాది బారువ దగ్గర ఇసుక ఊరు.
నేనెరిగిన చెట్టు సరుగుడు.
తిత్లీ వచ్చిన తెల్లారి మా తోటంతా
ఒకే వైపు తలలు పెట్టి పడుంది,
లారీలో నిద్రపోయే వలస కూలీల్లాగ.
మా అయ్య ఆర్నెల్లు మోళ్ల దగ్గరికి పోయి వచ్చేవాడు.
ఒక్కటీ చిగురెయ్యలేదు. టన్ను లెక్కన అమ్మేశాం.
అంచేత చచ్చిన చెట్టుని పోల్చుకోవడం
నాకెవరూ నేర్పక్కర్లేదనుకున్నాను.

మెట్ట మీద బూడిద చీలమండ దాకా.
గుగ్గిలం మానులు నిలబడే ఉన్నాయి, నల్లగా.
గాలి వస్తే కదలడానికి ఆకు లేదు,
గాలి వచ్చిందని చెవికే తెలీలేదు.
నూట పదహారు దాకా రాసుకుంటూ వెళ్లాను.
నూట పదిహేడుకి బెరడు నిలువునా పగిలి ఉంది.
గోటితో గీరితే బొగ్గు. కత్తితో గీరితే బొగ్గు.
సున్నా చుట్టేశాను.

దారి చూపడానికి కూలికొచ్చిన సవర సుంబురు
చుట్ట వెలిగించబోయి, చుట్టూ చూసి, చెవిలో దోపుకున్నాడు.
"సచ్చిపోనాదని నువ్వు రాసీసినావు.
మరి సెట్టు ఒప్పుకున్నాదేటి?"

శిక్షణలో విన్నది ఆయనకి చెప్పాను:
ఎక్కడో నడిసముద్రంలో దీవులున్నాయి,
అక్కడ కొండే నోరు తెరిచి నిప్పు కక్కుతుంది.
ఆ వాలుల్లో పైను చెట్లు, సూదులన్నీ మాడి, నిలువెల్లా మసై,
కొన్నాళ్లకి కొమ్మ కోసం ఆగకుండా
బెరడులోంచే పచ్చటి నూగు కప్పుకుంటాయట.
ఆయన చాలాసేపు నడిచాడు. తర్వాత అడిగాడు,
"అక్కడికి రంగు డబ్బా ఎవులట్టుకెల్తారు?"

ఆషాఢంలో రెండు వానలు పడ్డాక మళ్లీ ఎక్కాను.
ముందు చిట్టీత, విరిగిన దువ్వెన పళ్లలా బూడిదలోంచి.
దాని వెనకే చీపురు.
గుగ్గిలాలు కాళ్ల దగ్గర మొదలెట్టాయి,
మొదలు చుట్టూ రాగిరంగు లేతాకులు,
ఇంకా వేడి తగ్గనట్టు.
అన్నీ కాదు. అరవైమూడు రాలేదు. తొంభైరెండూ రాలేదు.
ఎనభై వచ్చింది గాని మేకలు కొరికేశాయి,
మళ్లీ వస్తుందో రాదో దానికే వదిలేశాను.

నూట పదిహేడు ముందువైపు నా సున్నా అలాగే ఉంది,
పెచ్చు లేస్తూ.
వెనకవైపు, నేను వంగి చూడని వైపు,
వేరు నేలలోకి దిగేచోట
చిటికెనవేలంత పిలక, నాలుగాకులు.
ఒక ఆకు మీద చీమ అటూ ఇటూ కొలుస్తోంది.

రాసింది కొట్టేయాలంటే సంతకం కావాలి,
సంతకానికి రేంజరుగారు కావాలి, ఆయనకి కారణం కావాలి.
కారణం గడిలో ఏం రాయాలో తెలీక
ఆ వేరు పక్కనే కూచున్నాను.
కింద, దూరంగా, సముద్రం గీత.
ఆ గీత ఇవతల ఎక్కడో మా అయ్య
మొన్ననే కొత్త సరుగుడు మొక్కలు నాటాడు,
వాటికి పాతవాటి సంగతి తెలీదు.

పెన్ను తీసి రాశాను: చెట్టు ఒప్పుకోలేదు.

సుంబురు డబ్బా ఊపి చూశాడు. సగముంది.
"ఇంక నీకెందుకమ్మా," అన్నాడు,
"మా మేకల కొమ్ములకి ఎట్టుకుంటాను.
ఏది ఎవులిదో తెలుస్తాది."